గుడ్లు తినని జాతి

బావగారంటే ఆమెకు ఎంత మంటో తెలియాలంటే, ముందు ఆయన్ని ఎంత మర్యాదగా పలకరించేదో తెలియాలి. మెట్ల మీద ఎదురైతే గోడకు ఒదిగి దారి ఇచ్చేది. "కాఫీ అయిందా బావగారూ?" అని అడిగేది. ఆయన "ఆఁ, అయిందమ్మా" అని గొంతు సవరించుకుంటూ పైకి వెళ్ళిపోయేదాకా తల ఎత్తేది కాదు. ఎత్తితే కళ్ళలో ఉన్నది బయటపడిపోతుందని. లోపలికొచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం, "ఈ మనిషి నోరు పడిపోను" అని తనివితీరా తిట్టుకుని అప్పుడు పొయ్యి వెలిగించేది. మొగుడి అన్నగారాయె. వెన్నులో కత్తి దింపాలన్నా ముందు "గారూ" అని పిలిచే దింపాలి.

వీధిలో ఆమెను వజ్రం అనేవారు. అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆమె పని అద్దాల కొట్లో. గాజు పలక మీద వజ్రపు మొన ఉన్న కలంతో సర్రున గీత గీసి, బల్ల అంచుకు ఆనించి ఒక్క తట్టు తడితే పలక గీసిన చోటే విరిగేది, వెంట్రుకవాసి అటూ ఇటూ పోయేది కాదు. కొట్టు యజమాని ముందు ఆ కలాన్ని వజ్రం అనేవాడు, తర్వాత కలం పట్టిన మనిషిని కూడా అలాగే పిలిచాడు. ఆమె నోటి పదును కూడా తోడయ్యేసరికి ఆ పేరే స్థిరపడిపోయింది.

కొట్లో కిటికీ అద్దాలు, బీరువా అద్దాలు, చేపల తొట్టెలు చేసేది. మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చి, సిలికాన్‌తో అతికించి తనకోసం చిన్న చిన్న తొట్టెలు చేసుకుంది. కింది వాటాలో వెనకగది గోడంతా అవే. ఆ గదిలో అడుగు పెడితే మొగుడు కూడా చెప్పులు బయట విడిచి, దగ్గు వస్తే నోరు మూసుకునేవాడు. అతను బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికేవాడికి ఆ గదిలో నిశ్శబ్దం హాయిగానే ఉండేది. "నా పెళ్ళాం నాకంటే చేపలతోనే ఎక్కువ మాట్లాడుతుంది, అవి ఎదురు చెప్పవు కాబట్టి" అని డిపోలో నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆ చేపల్ని ఆమె అగ్గిపుల్లలనేది. చిటికెనవేలిలో సగం కూడా ఉండవు. సన్నటి వెండి ఒళ్ళు, ఎర్రటి తల. కొట్లలో దొరికేవాటికి ఆ ఎరుపు మొప్పల దగ్గరే ఆగిపోతుంది. ఒకసారి ఆమెకు ఒక చేపలో ఆ ఎరుపు మొప్ప దాటి కాస్త వెనక్కి పాకినట్టు కనిపించింది. దాన్ని పక్కన పెట్టింది. దాని పిల్లల్లో ఇంకొంచెం ఎరుపు ఉన్నదాన్ని ఏరింది. అలా ఏరుతూ ఏరుతూ ఏళ్ళు గడిచాయి. చివరికి సగం ఒంటిదాకా ఎర్రగా మండే అగ్గిపుల్లలు ఆమె తొట్టెలో గుంపుగా తిరిగాయి. అలాంటివి ఇంకెక్కడా లేవు. అది ఆమెకు తెలుసు, బావగారికీ తెలుసు.

ఈ జాతితో తంటా ఏమిటంటే, ఇవి గుడ్లు పొదగవు, కాపలా కాయవు. తెల్లవారి వెలుతురు పడుతూండగా ఆడదీ మగదీ నాచు మీద ఒరుసుకుంటూ గుడ్లు చల్లేస్తాయి. చల్లి వెనక్కి తిరిగి, అదేదో తమకోసం ఎవరో పెట్టిన ఫలహారం అన్నట్టు, ఒక్కొక్కటీ ఏరుకుని తినేస్తాయి. కన్నతల్లి కదా అని జాలిపడి వదిలేస్తే అంతే సంగతులు. అందుకే అడుగున వల పరవాలి, గుడ్లు దాని కంతల్లోంచి కిందికి జారిపోవాలి. గుడ్లు పడగానే పెద్దవాటిని తీసెయ్యాలి. నీళ్ళలో సున్నం ఉండకూడదు. గుడ్ల మీద గట్టి వెలుతురు పడకూడదు. ఏ ఒక్కటి తప్పినా పొద్దుటికి గుడ్లన్నీ తెల్లగా నానిన సగ్గుబియ్యంలా తయారవుతాయి.

అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే వజ్రం పుట్టింటికి పోయి కొన్నాళ్ళు ఉండాల్సి వచ్చింది. మొగుడికి డ్యూటీలు. "మేత మీరు చూసుకుంటారా బావగారూ?" అని అడిగింది. పైవాటాలో ఉండే బావగారు బీమా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగిపోయారు. ఊళ్ళో చేపలు పెంచేవాళ్ళ సంఘానికి కార్యదర్శి. ఆయన పెంచిందేమీ లేదు, సంఘానికి ఉత్తరాలు రాసేవారు, మీటింగుల్లో పూలగుత్తులు ఇచ్చేవారు. "అది కూడా అడగాలామ్మా?" అన్నారు.

కంచే చేను మేసింది. ఆమె తిరిగొచ్చేసరికి కింద తొట్టెల్లో ముసలి చేపలు మాత్రమే మిగిలాయి. ఈడులో ఉన్న అగ్గిపుల్లలన్నీ పైవాటాలో, కొత్త తొట్టెలో, రంగు దీపం కింద తిరుగుతున్నాయి. "కింద గాలాడక ఉక్కిరిబిక్కిరవుతుంటే పైకి తెచ్చి బతికించానమ్మా" అన్నారాయన. సరే, రేపు దింపుకుందాం అనుకుంది. రేపు సంఘం ప్రదర్శన. స్టేజీ మీద ఆ చేపలు, వాటి పక్కన మెడలో దండతో బావగారు. జాతికి ఆయన పేరే పెట్టేశారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే. సంఘం అధ్యక్షుడు, గడియారాలు బాగుచేసే పెద్దాయన, వజ్రాన్ని చూసి "ఈవిడ ఎవరు?" అని అడిగారు. బావగారు తడుముకోలేదు. "మా తమ్ముడి భార్యండి. తొట్టెలు కడగడంలో సాయం చేస్తుంటుంది" అన్నారు. జనం ఆమెకు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆమె చెవుల్లో చాలారోజులు మోగాయి.

ఆ సాయంత్రం మొగుడి ముందు ఏడ్చింది, అరిచింది.

"పోనీలే, ఇంట్లోదే కదా. అన్నయ్యతో గొడవ పడి ఏం బావుకుంటాం?" అన్నాడతను.

"మీ అన్నయ్య మిమ్మల్నే ఎత్తుకెళ్ళి తనే కన్నానని చెప్పుకున్నా ఇలాగే అంటారా?"

"నన్నెవరెత్తుకెళ్తారు? మేత ఖర్చు ఎక్కువ."

ఆమెకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ చేపల మీద నుంచి ఆ పేరు ఊడాలి. అదీ చాటుగా కాదు, ఏ జనం చప్పట్లు కొట్టారో ఆ జనం ముందే, ఆయన నోటితోనే ఊడాలి.

దారి సంఘం కట్టుబాటులోనే ఉంది. బహుమతి ఎవరికైనా ఇస్తారు గానీ, కొత్త జాతికి పెట్టిన పేరు నిలవాలంటే పెంచినవాడు సాక్షితొట్టె పెట్టాలి. అంటే సంఘం హాల్లో అందరూ చూస్తుండగా ఆ జాతి చేపల జతతో గుడ్లు పెట్టించి, పిల్లలు ఈదేదాకా చూపించాలి. తొట్టెలో ఏం వేసుకోవాలో, ఎప్పుడు ఏం తియ్యాలో అతని ఇష్టం. మిగతావాళ్ళు మాత్రం పెదవి విప్పకూడదు. ఎవరైనా సలహా ఇస్తే ఆ రోజు పరీక్ష రద్దు, ఇంకో రోజు మళ్ళీ పెట్టుకోవచ్చు. ఎవరూ ఏమీ అనకుండానే గుడ్లు పోగొట్టుకుంటే పేరు కొట్టేస్తారు. ఎత్తుకొచ్చిన చేపలతో గొప్పలు పోయేవాళ్ళు వెనక కొందరు ఉండబట్టే పాతవాళ్ళు ఈ కట్టుబాటు పెట్టారట. తెలివైనవాళ్ళు.

బావగారు పైన ప్రయత్నాలు మొదలుపెట్టారు. వాటి సంగతి తోటికోడలి నోట కిందికి చేరుతూనే ఉంది. ఆవిడ మంచిదే, మొగుణ్ణి ఏమీ అనలేక కిందికొచ్చి కక్కేసి వెళ్ళేది. "పొద్దున్నే తొట్టె ముందు కూర్చుంటారే. గుడ్లు తెల్లబడ్డాయని నా మీద ఎగురుతారు. నేనేమన్నా పెట్టానా ఆ గుడ్లు?" అనేది. వజ్రం జాలిగా తల ఊపేది. పైన ట్యాంకు నీళ్ళలో సున్నం పెచ్చులు కడుతుందని, రంగు దీపం గుడ్లను చంపేస్తుందని ఆమెకు తెలుసు. చెప్పడానికి ఆమెకేం పట్టింది?

ఒకరోజు మెట్ల మీద ఆయనే ఆగారు. "ఈ గుడ్ల విషయంలో నువ్వేం చేసేదానివమ్మా, ఊరికే తెలుసుకుందామని" అన్నారు.

"మీకు తెలియనిది నాకేం తెలుసు బావగారూ? నేను తొట్టెలు కడిగేదాన్ని" అంది. ఆయన పైకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతే ఆయనకు పేపరు పిచ్చి పట్టుకుంది. మెట్ల మలుపులో ఒక చిన్న కిటికీ ఉంది, అది వజ్రం వెనకగదిలోకి తెరుచుకుంటుంది. ఆ మలుపులో గాలి బాగుందని అక్కడ నిలబడి పేపరు చదవడం మొదలుపెట్టారు. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ చదవనంత పేపరు అక్కడ చదివారు. ఒక పేజీ తిప్పడానికి ఒక పూట పట్టేది. వజ్రానికి మొదట ఒళ్ళు మండింది. కిటికీకి పాత దుప్పటి కట్టేద్దామని మేకు, సుత్తి కూడా తెచ్చుకుంది. సుత్తి చేతిలో ఉండగానే ఇంకో ఆలోచన వచ్చింది. దొంగకు తలుపు వెయ్యడమెందుకు, కావలసిన వస్తువు గుమ్మంలోనే పెడితే పోలా? సుత్తి కింద పెట్టేసింది.

మర్నాడు కొట్లో అందరికంటే తేటగా ఉన్న గాజు పలక ఏరి, పొడవుగా కోసింది. అంచులు సానరాయి మీద నీళ్ళు పోస్తూ నున్నగా అరగదీసింది. ఇంటికి తెచ్చి, కిటికీకి ఎదురుగా ఉన్న తొట్టెలో ఆ పలకను నిలువునా, ముందు అద్దానికి సమాంతరంగా బిగించింది. నీళ్ళు పోశాక ఆ పలక ఉందని చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియదు. ఇప్పుడు తొట్టెలో ముందొక సందు, వెనకొక గది. ముందు సందులో మామూలు చారల చేపల గుడ్లు పోసింది. అవి అడ్డమైన నీళ్ళలోనూ గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు అడ్డమైన నీళ్ళలోనూ పొదుగుతాయి. వెనక గదిలో తన ముసలి అగ్గిపుల్లల్ని వదిలింది. మెట్ల కిటికీలోంచి చూసేవాడికి ఒకే తొట్టె, ఒకే నీళ్ళు. అడుగున గుడ్లు, వాటి మీద తీరిగ్గా తిరిగే తల్లిదండ్రులు. తినడం లేదు. పట్టించుకోవడమే లేదు.

తొట్టె ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజమే చూపించింది. డాబా మీద పట్టిన వాననీళ్ళు గుడ్డతో వడకట్టి పోయడం, ఎండుటాకులు వేసి నీళ్ళకు టీ రంగు తెప్పించడం, తొట్టెకు మూడువైపులా నల్లగుడ్డ కట్టడం, ఆడచేపకు ముందు రోజుల్లో దోమపిల్లల్ని మేపడం అన్నీ ఆయన కళ్ళబడేలా, తొందరపడకుండా చేసింది. ఎందుకంటే హాల్లో ఆయన చేపలు గుడ్లే పెట్టకపోతే పగ తీరదు. పెట్టకపోతే వాతావరణం అంటారు, ప్రయాణబడలిక అంటారు, ఇంకో రోజు అడుగుతారు. గుడ్లు పడాలి. మేలురకం గుడ్లు, నిండుగా పడాలి. పడ్డాక పోవాలి. అంత దూరం ఆలోచించింది ఆమె.

ముందు సందులో గుడ్లు పగిలి, కనురెప్ప వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు అద్దానికి అంటుకున్న రోజున మెట్ల మలుపులో పేపరు చేతిలోంచి జారి కింద పడిన చప్పుడైంది. వజ్రం వెనుదిరిగి చూడలేదు.

సాయంత్రం తోటికోడలు దిగివచ్చింది. "మీ బావగారికి ఏదో తట్టిందే. ఈ జాతి గుడ్లు తినదుట. తల్లి పక్కన ఉంటేనే గుడ్డు బతుకుతుందిట. ఇన్నాళ్ళూ తల్లిని తీసేసి గుడ్లని నేనే చంపుకున్నానని తల బాదుకుంటున్నారు" అంది.

"అయ్యో పాపం" అంది వజ్రం. ఆవిడ వెళ్ళాక దిండు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది.

ఒక్క బెంగ మాత్రం ఉండేది, ఆయన ఇంట్లో ఒకసారి పరీక్షించి చూసుకుంటారేమోనని. చూసుకోలేదు. ఆడచేప ఒకసారి గుడ్లు చల్లితే మళ్ళీ కడుపు నిండడానికి టైము పడుతుంది, హాలు రోజుకు అది నిండుగా ఉండాలని దాచి ఉంచారు. పైగా తన కళ్ళతో తాను దొంగచాటుగా చూసినదాని మీద మనిషికి ఉండేంత నమ్మకం ఇంక దేని మీదా ఉండదు. సాక్షితొట్టె కూడా ఆమెనే చెయ్యమన్నారు. చేసింది. మంచి గాజుతో, బుడగ లేని అతుకులతో, కొట్లో ఎవరికీ చెయ్యనంత శ్రద్ధగా చేసింది. ఆ తొట్టె మీద వంక పెట్టే వీలు ఆయనకు ఉండకూడదు.

సంఘం హాలు కుట్టుమిషన్ల కొట్టు పైన ఉంటుంది. ఇంకా మసక చీకటిగా ఉండగానే సభ్యులు వచ్చి మడత కుర్చీల్లో సర్దుకున్నారు. కిటికీలకు తెరలు దించారు. ఒక్క మూల కాగితం చుట్టిన చిన్న దీపం. మధ్య బల్ల మీద సాక్షితొట్టె, టీ రంగు వాననీళ్ళు, ఒక మూల గుప్పెడు నాచు. అడుగున వల లేదు. వజ్రం వెనక వరుసలో కూర్చుంది, పక్కన తోటికోడలు.

అధ్యక్షుడు వంగి తొట్టెలోకి చూశారు. "వల మరిచిపోయారా?" అనబోయి, కట్టుబాటు గుర్తొచ్చి ఆపుకున్నారు.

ఆ చూపు బావగారికి అర్థమైంది. లేచి నిలబడ్డారు. "మీరంతా వల ఏదని చూస్తున్నారు. నాకు తెలుసు. ఈ జాతి రంగు ఒక్కటే మీరు చూశారు. దీని అసలు గొప్ప వేరే ఉంది. ఇది తన గుడ్లు తినదు. ఈ గుణం కోసమే నేను ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచాను" అన్నారు.

హాల్లో గుసగుస లేచింది. చేపలు పెంచి జుట్టు నెరిసినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఆలోచించుకుని చెప్పండి. ఈ మాట నేను రాసుకోవాల్సి ఉంటుంది" అన్నారు అధ్యక్షుడు.

"రాసుకోండి."

వజ్రానికి ఒళ్ళంతా జిల్లుమంది. ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచాడట! ఇంత అందంగా వచ్చి తన ఉచ్చులో తానే కూర్చుంటాడని ఆమె కూడా అనుకోలేదు. ఇంక ఏమీ చెయ్యనక్కర్లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూడటమే.

అప్పుడే తోటికోడలు చెవి దగ్గరికి వంగింది. "వీటికేమన్నా అయితే ఇంక లేవే" అంది.

"లేకపోవడమేంటక్కా? పైన గుంపు ఉందిగా?"

"ఎక్కడి గుంపు? అన్నీ పోయాయి. ఆ నీళ్ళు పడలేదో, ఈయన మేత ఎక్కువేశారో. రోజుకు కొన్ని తేలేవి. నువ్వు చూస్తావని కాగితంలో చుట్టి నాచేతే పారేయించారు. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. మిగిలింది ఈ జతే."

వజ్రం చటుక్కున ముందుకు వంగింది. తొట్టె వైపు చూసింది. ఆడచేప తోక అంచున చిన్న తునక లేదు. పిల్లగా ఉన్నప్పుడు వలకు పట్టుకుని చిరిగింది, ఆమే విడదీసింది. దీని ఈడు ఆమెకు తెలుసు. ఇదే దాని ఆఖరి మంచి కాన్పు. కింద ఉన్న ముసలివాటికి ఆ యోగం ఎప్పుడో దాటిపోయింది. అంటే ఇన్నేళ్ళు ఏరినదంతా, ఆ ఎరుపంతా, ఇప్పుడు ఆ ఒక్క కడుపులో ఉంది.

తెర సందులోంచి పొద్దు మెల్లగా లోపలికొచ్చింది. మగచేప వణుకుతూ ఆడదాని చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. రెండూ నాచు మీదికి దూసుకెళ్ళి, పక్కపక్కన ఒరిగి, ఒళ్ళు విదిల్చాయి. రవ్వ గింజల్లాంటి గుడ్లు జలజలా రాలాయి. మళ్ళీ. మళ్ళీ. ముందు వరుసలో ఎవరో ఆనందం పట్టలేక కుర్చీ చేతిని చరిచారు. బావగారు అందరి వైపూ తిరిగి నవ్వారు. వజ్రం కళ్ళు మాత్రం గుడ్ల మీదే ఉన్నాయి. అద్దాల పని చేసిన కళ్ళు, మసక ఎక్కడున్నా పట్టేస్తాయి. ఒక్క గుడ్డులోనూ మసక లేదు. అన్నీ తేటగా, బతికిన గుడ్లు. ఆమె చూపించిన నీళ్ళు, ఆమె చూపించిన ఆకులు, ఆమె చూపించిన చీకటి పనిచేశాయి. ఇంత మేలైన కాన్పు ఆమె సొంత తొట్టెలో కూడా ఎన్నడూ పడలేదు.

ఆడచేప నాచులోంచి బయటికొచ్చింది. కిందికి వంగింది. ఒక గుడ్డు నోట్లోకి పోయింది.

ముందు వరుసవాళ్ళు కుర్చీల్లోంచి సగం లేచారు. అది ఇంకొకటి తీసుకుంది. మగచేప కూడా వచ్చి కలిసింది.

"పెద్దవాటిని తీసెయ్యండి బావగారూ." అంతే అనాలి. అంటే పరీక్ష రద్దు. గుడ్లు మిగులుతాయి, జాతి మిగులుతుంది. ఆయన పరువు కూడా మిగులుతుంది, ఈ గుడ్ల పిల్లలు ఎదిగాక దర్జాగా మళ్ళీ పెట్టుకుంటారు, ఈసారి వల పరుచుకుని. పిల్లలు ఈదుతాయి, ఆ పిల్లల మీద ఆయన పేరు చెరగకుండా ఉండిపోతుంది. వజ్రం నోరు తెరుచుకుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

బావగారు ఇటు తిరిగారు. అంతమందిలోనూ ఆయన చూపు సరాసరి ఆమె దగ్గరికే వచ్చింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు. తేలు కుట్టిన దొంగలా, అరవలేక, పెదవులు మాత్రం కదిలించారు. కిటికీలోంచి తను చూసింది నిజమేనా, ఇప్పుడేం చెయ్యాలి అని ఆయన కళ్ళు ఆమెను అడుగుతున్నాయి. ఆ చేపలు ఎవరివో ఆ కళ్ళకు అప్పుడు బాగా తెలుసు. ఆ చూపు కోసమే ఆమె ఇన్నాళ్ళూ కాచుకుని ఉంది. అది ఎంత తియ్యగా ఉందంటే, ఆమె నోరు మూసుకుని, నాలుకను పళ్ళ మధ్య బిగబట్టి, ఆయన కళ్ళలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఆయనకు చేతులాడలేదు. ఇప్పుడు చేపల్ని తీస్తే తన మాట తనే మింగినట్టు, తియ్యకపోతే అవి గుడ్లు మింగుతున్నాయి. "ఆగండి, ఆగండి, వదిలేస్తాయి" అన్నారు. అవి వదల్లేదు. అడుగంతా ఓపిగ్గా వెతికాయి. నాచు కింద దాక్కున్నవాటిని కూడా ఊది బయటికి లాగి తిన్నాయి. తోటికోడలు మొహం పక్కకు తిప్పుకుంది. వజ్రం తిప్పుకోలేదు. పగ తీరుతున్న సంతోషంలో ఒళ్ళు వేడెక్కింది. ఆ సంతోషం కిందే ఎక్కడో పోతున్న ప్రతి గుడ్డుకూ ఏడుపు తన్నుకొస్తూ ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి, ఒకదాన్నొకటి తగ్గించుకోలేదు.

అంతా అయ్యాక ముందు వరుసలో ఒకతను కిసుక్కున నవ్వాడు. దాంతో హాలంతా నవ్వింది. "ఫలహారం అయిందండీ, ఇంక కాఫీ ఇవ్వండి వాటికి" అన్నారెవరో. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. "జాతి పేరు కొట్టేస్తున్నాను. కార్యదర్శి పదవి సంగతి మీరే ఆలోచించుకోండి" అన్నారు. తర్వాత వెనక వరుస వైపు చూశారు. "ఇవి ఎవరు పెంచినవమ్మా?"

"నేనండి" అంది వజ్రం, లేచి నిలబడి.

ఎవరూ కాదనలేదు. బావగారు కూడా కాదనలేదు, తొట్టె వైపే చూస్తూ నిలబడ్డారు.

"నాకూ అనుమానంగానే ఉండేది. అయితే సాక్షితొట్టె నువ్వు పెట్టమ్మా. పిల్లలు ఈదిన రోజున నీ పేరే రాస్తాను" అన్నారు అధ్యక్షుడు. ఆ మాటకు చప్పట్లు కొట్టారు. వజ్రం తల ఊపి, ఆ జతను సంచిలో పోసుకుని ఇంటికి తెచ్చుకుంది.

ప్రాణం పెట్టి చేసింది. వడకట్టిన వాననీళ్ళు, ఎండుటాకులు, నల్లగుడ్డ, అడుగున వల. డాబా మీది డబ్బాల్లో దోమపిల్లల్ని పెంచి, పొద్దునా సాయంత్రం మేపింది. మగచేప తన వంతు తప్పకుండా వణుకుతూ తిరిగేది. ఆడదాని కడుపు మాత్రం నిండలేదు. నిండుతుందేమోనని ఆమె అద్దానికి మొహం ఆనించి చూస్తూ కొట్టుకు ఆలస్యంగా వెళ్ళేది. ఒక తెల్లవారుజామున నాచు కింద గుడ్లు కనిపించాయి. పట్టుమని గుప్పెడు కూడా లేవు. టార్చికి గుడ్డ చుట్టి చూసింది. పడుతూనే తెల్లగా ఉన్నాయి. ఆ తర్వాత ఆ చేప గుడ్లు పెట్టలేదు. చలికాలం దాటకుండానే పోయింది.

ఆ పొద్దున మొగుడు డ్యూటీకి బయల్దేరుతూ వెనకగది గుమ్మంలో ఆగాడు. ఆమె తొట్టె ముందు పీట మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అతను చెప్పులు విడిచి లోపలికొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె వీపు నిమిరాడు.

"ఆ రోజు ఒక్క మాట అనుంటే బాగుండేదని ఉందా?" అన్నాడు చివరికి. "పోనీ, ఏదో కోపంలో జరిగిపోయింది. అందరూ తప్పులు చేస్తారు."

వజ్రం మొహం తుడుచుకుంది. "తప్పు చేశానని కాదండీ ఏడుస్తోంది" అంది. "రేపు మళ్ళీ అదే హాలు, అదే పొద్దు వచ్చినా నేను నోరు విప్పను. అది తెలిసిపోయి ఏడుస్తున్నాను."